గాలిలో ఏముందో నేను చెబుతాను

నేను లైడార్‌ని. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాల పైఅంతస్తులో ఉంటాను. కప్పులో నా కోసం బిగించిన గాజు కిటికీలోంచి లేజర్ వెలుగును నిట్టనిలువుగా ఆకాశంలోకి వదులుతాను. గాలిలోని రేణువులకు తగిలి వెనక్కి మళ్లిన పిసరంత కాంతిని నా టెలిస్కోప్ పట్టుకుంటుంది. అది ఒక మైక్రోసెకనులో తిరిగొస్తే 150 మీటర్ల ఎత్తు నుంచి వచ్చినట్టు, 20 పడితే 3 కిలోమీటర్లు. 1963లో శాస్త్రవేత్తలు ఫియోకో, స్మలిన్ రూబీ లేజర్‌తో ఆకాశపు పొరలను వెతికిన నాటి నుంచీ మా లెక్క ఇదే.

ఎత్తు చెప్పడం తేలికే. అక్కడున్నది పొగో ధూళో తేల్చడమే అసలు పని. నేను పంపే కాంతి ఒకే తలంలో ఊగుతుంది. గుండ్రటి బొట్టుకు తగిలితే అలాగే తిరిగొస్తుంది. కోసులు దేలిన ఎడారి ధూళికి తగిలిందా, కొంత అడ్డం తిరుగుతుంది. ఆ అడ్డం తిరిగిన కాంతి కోసం నాకు వేరే డిటెక్టర్ ఉంది. అందులో సంకేతం, తిరగని కాంతి సంకేతంలో 30 శాతం దాకా వచ్చిందంటే ధూళేనని దాదాపు ఖాయం. పొగైతే సాధారణంగా పది శాతం లోపే. రంగు ఇంకో సాక్ష్యం: పొగలోని సన్నటి రేణువులు 532 నానోమీటర్ల ఆకుపచ్చను బాగా వెనక్కి తిప్పుతాయి, 1064 పరారుణాన్ని అంతగా తిప్పవు. ధూళి రెండింటినీ ఇంచుమించు సమంగా తిప్పుతుంది.

కళ్లకు మాత్రం రెండూ ఒకే మసక. కానీ చెత్త తగలబెట్టడం ఆపితే పొగ తగ్గుతుంది, వాయవ్యం నుంచి వచ్చే ధూళి తగ్గదు. ఈ తేడా తెలియకుండా మందు వేయడం నాకు నచ్చదు.

నేలకు దగ్గరగా రెండు మూడు వందల మీటర్లు నాకు సరిగా ఆనవు. అంత దగ్గరలో లేజర్ కిరణం టెలిస్కోప్ చూపులోకి పూర్తిగా రాదు. జనం పీల్చే గాలి అక్కడే కదా అన్న బాధ నాకుంది. అక్కడి లెక్క నేలమీది యంత్రాలు చూసుకుంటాయి. అయితే ధూళి కిందికి దిగాకే వాటికి తెలుస్తుంది.

మే నెల రాత్రి 3 కిలోమీటర్ల ఎత్తున ధూళి పొర ఒకటి నాకు కనబడిందనుకోండి. కింద గాలి తేటగానే ఉంటుంది. తెల్లారి ఎండ ముదిరి నేల కాగితే వేడిగాలి సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. అది ఆ పొరను అందుకుందంటే మధ్యాహ్నానికల్లా ధూళి వీధుల్లోకి దిగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆ మాట రాత్రే చేరాలి.