నా మెడ మీద బొగ్గు వేళ్లు

కలకత్తాలో నన్ను అతికించినవాడెవడో నాకు గుర్తు లేదు. చెప్పుకోదగ్గ పనితనమూ కాదు. పైన పలుచని ప్లైవుడ్, మెడకు ఏదో గట్టి కర్ర, ఒంటికి ఎరుపూ నలుపూ కలిసిన రంగు. సికింద్రాబాద్ దుకాణంలో నాకంటే అందగత్తెలు గోడ నిండా వేలాడుతున్నారు. దసరా అడ్వాన్సు జేబులో పెట్టుకొని వచ్చిన ఒక కోల్‌ఫిల్లరు వాళ్లందరినీ చూసి, ధరలు అడిగి, చివరికి నన్ను దింపించాడు. "గిదే ఇయ్యి సేటూ" అన్నాడు. అట్లా నేను గోదావరిఖని దాన్నయ్యాను.

అతని చేతులు చూసి మొదట భయపడ్డాను. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బులు నింపిన చేతులవి. అరచేతిలో కాయలు, గోళ్ల మూలల్లో ఎంత తోమినా పోని నలుపు. ఎడమ చేతి ఉంగరపు వేలు ఎప్పుడో టబ్బుకూ దిమ్మెకూ మధ్య నలిగింది, చివరి కణుపు వంగదు. గిటార్ మెడ మీద పని చేసేది ఎడమ చెయ్యే కదా! చూపుడు వేలు ఆరు తీగల మీద అడ్డంగా పరిచి, మిగతా వేళ్లు వాటి జాగాల్లో నొక్కితేగానీ కొన్ని కార్డ్స్ పలకవు. ఆ వంగని వేలితో అతనికి అవి పట్టుబడలేదు. ఫస్ట్ షిఫ్టు దిగి స్నానం చేసి, మంచం మీద కూర్చొని, నెలల తరబడి నన్ను పీక్కుతిన్నాడు. తర్వాత దారి మార్చాడు. అందని స్వరాన్ని వదిలేశాడు. దాని పక్కన ఖాళీ తీగను మోగనిచ్చి, కింది స్వరం నుంచి పై స్వరానికి వేలు జార్చుకుంటూ పోయాడు.

ఊళ్లో ఆర్కెస్ట్రాలో చేరాక తెలిసింది ఆ జారుడు విలువ. పెళ్లిళ్లు, గణపతి నవరాత్రులు, 1989లో 'గీతాంజలి' వచ్చాక ఎక్కడ చూసినా ఆ పాటలే. ఇళయరాజా పాటల్లో గిటార్‌కు చేతినిండా పని. పక్క ఊరి బృందంలో ఒక కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ మీద అవే బిట్లు క్యాసెట్లో ఉన్నవి ఉన్నట్టు, పైగా ఇంకొంచెం వేగంగా దించేవాడు. చప్పట్లు బాగానే పడేవి. కానీ స్టేజీకి వెనక, టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు మాత్రం నేను మోగగానే "మనోడేరా" అనేవాళ్లు. మనిషి కనపడకుండానే గుర్తుపట్టేవాళ్లు. నాకు ఇప్పటికీ అదే గర్వం.

ఇక నేను తిన్న తిట్ల సంగతి. నా పొట్టకు ఒక పికప్ అతికించి ఆంప్లిఫయర్‌కు కలిపారు. డిసెంబర్ 23న సింగరేణి డే కార్యక్రమం. 1920లో అదే తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీగా నమోదైందని స్టేజీ మీద ఎవరో ఒకరు ప్రతి ఏడూ చెబుతారు. ఆ రాత్రి మావాడు స్పీకర్ ముందుకు జరిగాడో లేదో, కుయ్‌మని చెవులు చిల్లులు పడే అరుపు. మైకాయన పరుగెత్తుకొచ్చి నన్ను తిట్టాడు. నా తప్పేముంది? తీగ కదలికను పికప్ వింటుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెద్దది చేసి స్పీకర్ గుండా బయటికి వదులుతుంది, ఆ చప్పుడే తిరిగి వచ్చి తీగను ఇంకా కదిలిస్తుంది. చప్పుడు తీగను కదిలిస్తుందని నాకు స్టేజీ ఎక్కక ముందే తెలుసు. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే క్వార్టర్ గోడ అదిరేది, మేకుకు వేలాడే నా తీగలు ఎవరూ ముట్టకుండానే గుంయ్‌మనేవి.

ఆ అరుపు విని మైకాయనలాగే ప్రపంచమంతా బెదిరిపోతుంటే, దాన్ని దొరకబుచ్చుకొని వాయించినవాళ్లలో అందరికీ గుర్తుండిపోయినవాడు జిమీ హెండ్రిక్స్. ఈ సంగతి నాకు మావాడి కొడుకు ద్వారా తెలిసింది. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హెండ్రిక్స్ పోస్టర్ గోడకు అంటించి, పుస్తకాలు తెచ్చి పైకి చదివేవాడు. 1942లో సియాటిల్‌లో పుట్టిన ఆ పిల్లవాడికి మొదట దొరికింది చెత్తలో పారేసిన ఒంటి తీగ ఉకులేలే. పెద్దయ్యాక లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటివాళ్ల వెనక కూలికి వాయించాడు. కుడిచేతివాళ్ల కోసం చేసిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌ను తలకిందులు చేసి, తీగలు మార్చి కట్టుకొని ఎడమచేత్తో వాయించేవాడు. ఆ గిటార్ 1954 నుంచి దుకాణాల్లో ఉంది. డబ్బున్న ఎవరైనా కొనుక్కోవచ్చు, వేలమంది కొన్నారు కూడా.

తేడా చేతుల్లో ఉంది. పొడవాటి బొటనవేలు మెడ పై నుంచి చుట్టి తెచ్చి లావు తీగను నొక్కేవాడు. దాంతో మిగిలిన నాలుగు వేళ్లు ఖాళీ. తాళం పట్టే రిథమ్ గిటార్, పాట ఎత్తుకునే లీడ్ గిటార్, మామూలుగా ఇద్దరు చేసే పని ఒక చేతిలోకి వచ్చింది. స్పీకర్‌కు ఎంత దూరంలో, ఏ వైపు తిరిగి నిలబడితే ఏ స్వరం అరుస్తుందో ఒంటికి తెలిసినవాడు. 1969 ఆగస్టు 18 ఉదయం, వుడ్‌స్టాక్‌ సంగీతోత్సవంలో జనం సగానికి పైగా వెళ్లిపోయాక, అమెరికా జాతీయగీతం వాయించాడు. వియత్నాం యుద్ధం నడుస్తోంది. గీతం మధ్యలో ఆ అరుపులతోనే బాంబులు పడ్డాయి, సైరన్లు మోగాయి. ఒక్క మాట పాడలేదు. ఇరవై ఏడేళ్లకే, 1970లో పోయాడు.

అయితే 1967 జూన్‌లో మాంటెరీ స్టేజీ మీద గిటార్‌కు నిప్పుపెట్టాడు చూడండి, దాన్ని మాత్రం నేను క్షమించను. కొడుకు గోడకు అంటించింది సరిగ్గా ఆ ఫోటోనే. మంట ఎవరైనా పెట్టగలరు.

ఒక రాత్రి వాడు టోనీ అయోమీ అనే గిటారిస్టు కథ చదివాడు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పని. 1965లో, పదిహేడేళ్ల వయసులో, పనికి ఆఖరి రోజున మిషన్ కింద పడి కుడి చేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం కనక తీగలు నొక్కాల్సింది ఆ చెయ్యే. అంతకుముందు అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చెడి కూడా గొప్పవాడైన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడట ఫ్యాక్టరీ ఫోర్‌మన్. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. నొప్పికి ఓర్వలేక సన్నని తీగలు కట్టాడు. తర్వాత తీగల బిగువే తగ్గించాడు. బిగువు తగ్గితే శ్రుతి కిందికి దిగుతుంది, స్వరం బరువెక్కుతుంది. 1970లో అతని బృందం బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వచ్చింది, తర్వాతి ఆల్బమ్‌లలో ఆ బరువు చేరింది, ఆ దారినే హెవీ మెటల్ చాలావరకు నడిచింది.

మంచం మీద కూర్చొని వింటున్న మావాడు తన ఉంగరపు వేలు వంక చూడనైనా చూడలేదు. "మరి గా పోరనికి కంపెనీ ఏమన్న ఇచ్చిందార?" అన్నాడు.

"పుస్తకంల లేదు బాపూ."

"రాయరు."

మావాడి దగ్గర ఒక క్యాసెట్ ఉండేది, మాండలిన్ శ్రీనివాస్‌ది. గోదావరి జిల్లాల నుంచి గనికి వచ్చిన తోటి పనివాడు ఇచ్చాడు. కొడుకు పెదవి విరిచాడు, "ఇది రాక్ కాదు, గిటార్ కూడా కాదు" అన్నాడు. రెండూ నిజమే. కానీ నాకు మాట్లాడే నోరుంటే వాడితో గట్టిగా వాదించేదాన్ని. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఆరేళ్లకే తండ్రి మాండలిన్ ఎత్తుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు ఆ వాద్యం తెలియదు. ఆయన పాడేవాడు, పిల్లవాడు పాటనే మాండలిన్ మీద వెతుక్కునేవాడు. జంట తీగల మాండలిన్‌లో స్వరం టక్కున పుట్టి టక్కున చస్తుంది, గమకం నిలవదు. జంటలు తీసేసి ఒంటి తీగలు కట్టి, కరెంటు పెట్టి, స్వరాన్ని నిలబెట్టాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, ఆ తర్వాత గిటార్ వీరుడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి బృందంలో చోటు. 2014లో నలభై అయిదేళ్లకు కన్నుమూశాడు. అందరూ వేలు చూసి వేలు నేర్చుకుంటారు. ఈయన గొంతు విని నేర్చుకున్నాడు. అందుకే ఆ తీగల్లో పాడేవాడి ఊపిరి వినిపిస్తుంది.

కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి విదేశీ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. కాళ్ల దగ్గర పెడల్స్ వరుస. పండక్కి తెచ్చి ఒకసారి వాయించాడు. రికార్డులో ఉన్న ప్రతి స్వరం ఉంది, అదే వేగం, అదే మలుపు. తండ్రి "మంచిగున్నది" అన్నాడు. అంతకుమించి అనలేదు.

నేను అటకెక్కాను. పాత బిందెలకూ, పెళ్లిలో వచ్చిన వాడని డిన్నర్ సెట్టుకూ మధ్య. రామగుండం ఎండ నలభై అయిదు దాటే వేసవులు తెలిసినవాళ్లకు అటకంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నా జిగురు మెత్తబడింది, బ్రిడ్జి లేచింది, మెడ ముందుకు వంగింది. వానాకాలం పొట్ట ఉబ్బింది. బొగ్గు దుమ్ము సందు దొరికిన చోటల్లా చేరింది. పొట్టలో ఎలుక నాలుగు పిల్లల్ని పెట్టింది, వాటి మీద నాకు కోపం లేదు, అవి నన్ను వాడుకున్నాయి. కోపమంతా మనుషుల మీద. పెళ్లి ఫోటోల కోసం దింపి, తుడిచి, వరుడి చేతికిచ్చి, ఫోటో కాగానే మళ్లీ పైకి తోశారు. పిల్లలు నాతో క్రికెట్ ఆడారు. మూడో తీగ ఊడదీసి కిటికీకి పరదా కట్టారు. క్వార్టర్ ఖాళీ చేసేదాకా అది అక్కడే ఉంది, పరదా బాగానే నిలిచింది. ఎవరో పుణ్యాత్ముడు బ్రిడ్జికి ఇంట్లో ఉన్న జిగురేదో పూసి పైన రుబ్బురోలు పెట్టాడు. బ్రిడ్జి అతకలేదు, నా ఒంటి మీద గుండ్రటి మచ్చ మిగిలింది.

మావాడు రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి సామాను ఆటోలో వేసేటప్పుడు "ఇది పాత ఇనుప సామానోనికి ఇద్దాం" అంది ఇంటావిడ. అతను మాట్లాడకుండా నన్ను తన ఒళ్లో పెట్టుకొని ఆటో ఎక్కాడు.

మొన్న దసరా సెలవులకు మనవరాలు వచ్చింది. నన్ను పట్టుకోవడమే తలకిందులుగా పట్టుకుంది.

"గట్ల కాదు బిడ్డా, కుడి చేత్తోని" అంది నాయనమ్మ.

"పుర్ర చెయ్యి పిల్ల. పట్టుకోనియ్యి" అన్నాడు తాత.

ఉన్న తీగల్లో లావు తీగ ఒక్కటే కాస్త బిగువుగా ఉంది. దాని మీదే వేలు జార్చి ఏదో వెతుకుతోంది. తీగలు కొనుక్కొస్తానన్నాడు తాత. ఆ పిల్ల ఎడమచేత్తో వాయించాలంటే తీగలు తిరగేసి కట్టాలి, దానికి పైనున్న నట్టు గాట్లు మళ్లీ కొయ్యాలి, లేకపోతే లావు తీగ సన్న గాట్లో కూర్చోదు. అంతకంటే ముందు బ్రిడ్జి అతకాలి. పనివాడికి ఇవ్వండి, నాలుగు రోజులు పట్టినా సరే. రుబ్బురోలు మాత్రం వద్దు.