బావగారి బయోడేటా

మా బావగారు కామర్స్ మాస్టారు. ఆయన బయోడేటా 41 పేజీలు. స్పైరల్ బైండింగ్, ముందు ప్లాస్టిక్ అట్ట, వెనక నల్లట్ట. చేతిలో పెడితే పెళ్లి ఆల్బమ్ అనుకుంటారు. ఫొటోలూ ఉన్నాయి మరి: ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో గునపం పట్టుకున్నదొకటి, ఎవరో పెద్దాయనకి శాలువా కప్పుతున్నదొకటి. పెద్దాయన మొహం శాలువా చాటున పడిపోయింది.

మొదటి పేజీలో బ్లడ్ గ్రూపు, రెండో పేజీలో పదో తరగతి మార్కులు. పీహెచ్‌డీ ఎక్కడుందంటే పంతొమ్మిదో పేజీలో, టైపు లోయర్‌కీ ప్రథమ చికిత్స శిక్షణకీ మధ్యన ఇరుక్కుని.

తప్పంతా ఆయనదే అనను. 2010లో యూజీసీ ఏపీఐ అని పాయింట్ల లెక్క పెట్టింది. పేపరుకిన్ని, సెమినారుకిన్ని. అప్పట్నుంచీ మా మాస్టర్లు సెమినారుకెళ్తే భోజనాల కన్నా ముందు సర్టిఫికెట్ల బల్ల ఎక్కడా అని చూస్తారు. 2018లో ఆ లెక్క మార్చారు. బావగారు మారలేదు. భోజనం కూపన్లు కూడా దాచారని అక్క ఆరోపణ.

కిందటేడు ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చింది. “కాస్త సర్దిపెట్టవోయ్” అన్నారు. నాదీ పాఠాలు చెప్పుకునే బతుకే కాబట్టి కూర్చోబెట్టి చెప్పాను. పీహెచ్‌డీ మొదటి పేజీకి రావాలి. కొత్తవి పైన, పాతవి కింద. అచ్చయిన వ్యాసాలు వేరు, సెమినార్లో చదివినవి వేరు. జీఎస్టీ మీద రాసిన ఒక్క వ్యాసమే సెమినార్ పేపరుగా, సావనీర్లో సారాంశంగా, పుస్తకంలో అధ్యాయంగా మూడుచోట్ల కనిపించింది. ఒకే పిండితో ఇడ్లీ, అట్టు, పునుగులు! “కమ్యూనికేటెడ్” అని ఇంకో పదకొండు. ఒకటైతే 2014లో పంపింది. ఇప్పటికీ జవాబు లేదు.

“మనం పంపామా లేదా? పంపితే కమ్యూనికేట్ అయినట్టే కదోయ్!”

ఏమనాలో తోచలేదు.

ఇంత పుస్తకంలోనూ ఒక్కచోటా లేని సంగతి ఒకటుంది. బ్యాలెన్స్ షీటు ట్యాలీ కాక రాత్రి పదింటికి తలుపు కొట్టే పిల్లల్ని కూర్చోబెట్టి, అక్కచేత ఉప్మా పెట్టించి, తేడా దొరికేదాకా వదలరాయన. అదెందుకు రాయలేదంటే, “దానికి సర్టిఫికెట్ ఎవరిస్తారోయ్?” అన్నారు.

చెప్పినవన్నిటికీ “అలాగే, అలాగే” అని తలూపారు. వారం తిరక్కుండా కొత్త ప్రతి వచ్చింది. 47 పేజీలు. నేను స్పష్టత కావాలన్నానట, అందుకని విషయసూచిక చేర్చారు. ఇంటర్వ్యూలో ఎక్స్‌పర్టు కాసేపు తిరగేసి, మూసి, “ఇంతకీ మీ పీహెచ్‌డీ దేనిమీదండీ?” అని అడిగారట. “ఇరవై మూడో పేజీ సార్” అన్నారట బావగారు. ప్రమోషన్ వచ్చింది.

నేను తీసేయమని పట్టుబట్టినవాటిలో 2020 లాక్‌డౌన్‌లో రాసిన కరోనా క్విజ్ సర్టిఫికెట్ ఒకటి. చేతులు ఎన్ని సెకన్లు కడుక్కోవాలి లాంటి ప్రశ్నలు పది. “పరువు తక్కువ బావగారూ” అని కూడా అన్నాను. మొన్న నా సీవీ బయటికి తీయాల్సొచ్చింది. నాది ఐదు పేజీలే. ఐదో పేజీ అడుగున అదే క్విజ్ ఉంది. అప్పట్లో లింకు పంపింది బావగారే. ఆయనకి పదికి పది వచ్చాయి. నాకు ఏడు.