కాపరిగారు కార్యక్రమంలో ఉన్నారు

బెంగళూరులోని చాలా తెలుగు క్రైస్తవ సంఘాల్లో కార్యక్రమం తన పక్కన మరో కార్యక్రమానికి తప్ప దేనికీ చోటివ్వదు. ఆదివారం రెండు ఆరాధనలు, మంగళవారం స్త్రీల కూడిక, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యౌవనస్థుల కూడిక. వేసవిలో పిల్లల బైబిల్ తరగతులు, అంటే వీబీఎస్. డిసెంబరులో సెమీ క్రిస్మస్ మొదలుకొని వాచ్‌నైట్ దాకా ఊపిరాడదు. సోమవారం కాపరికి సెలవు. గురువారం మిగులుతుంది గానీ, ఆ రోజు రాబోయే కార్యక్రమం గురించి కమిటీ కూర్చుంటుంది.

ఈ వ్యవస్థలో విశ్వాసికి పేరుకన్నా పని ముఖ్యం: కీబోర్డు బ్రదర్, సౌండు బ్రదర్, పార్కింగ్ బ్రదర్, లైవ్ పెట్టే తమ్ముడు. కీబోర్డు బ్రదర్ మూడు వారాలు రాకపోతే సంఘం నిజంగానే కలవరపడుతుంది, ఇంకో కీబోర్డు బ్రదర్ దొరుకుతాడో లేదోనని. అతని ఉద్యోగం పోయిందేమో, మారతహళ్లి పీజీలో అద్దె కట్టలేక ఉన్నాడేమో అన్న సందేహం మినిట్స్ పుస్తకానికి ఎక్కదు. వెనక వరుసలో కూర్చుని కానుక వేసి వెళ్లిపోయేవారు కనబడకపోతే కుర్చీల లెక్క మాత్రమే మారుతుంది. కట్టడాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే అనంతపురం, పాలమూరు కూలీలు ఆ లెక్కలోకీ రారు. వాళ్లకు ఏడాదికోసారి దుప్పట్ల పంపిణీ ఉంటుంది, ఫొటోగ్రాఫరుతో సహా.

ఇళ్లకు ఎందుకు వెళ్లరంటే ట్రాఫిక్ అంటారు. సిల్క్ బోర్డు జంక్షన్ దాటి వెళ్లి ఒక ఇంట్లో ప్రార్థన చేసి రావడం మానవమాత్రులకు సాధ్యం కాదట. అదే జంక్షన్ దాటి మూడొందల మంది కన్వెన్షన్‌కు రావాలని మాత్రం ఆశిస్తారు. ఆసుపత్రిలో పడుకున్నవారి కోసం వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరస కడతాయి. మంచం పక్కన స్టూలు ఖాళీగానే ఉంటుంది.

సువార్తలు ఈ ఏర్పాటుకు పెద్దగా సహకరించవు. యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉన్నా, పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ కోసం యేసు దారిలో ఆగాడు. ఇప్పటి కోఆర్డినేటర్ అక్కడుంటే ఆమెకు టోకెన్ ఇచ్చి పంపేవాడు. యెరికోలో కేకలు వేసిన గుడ్డి బర్తిమయిని నోరు మూసుకోమన్నవారూ ఉన్నారు. వాలంటీర్లకు అప్పుడూ కొరత లేదు.

సంఖ్యల మీద మోజున్నవారికి ఒంగోలు చరిత్ర మరీ ఇబ్బంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులు ఆ కూలీల మధ్యే తిరుగుతూ వారి కష్టసుఖాలు విన్నారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, బాప్తిస్మం అడిగినవారిని క్లౌ కరువు రోజులు గడిచేదాకా ఆగమన్నారు. నేటి వార్షిక నివేదిక రాసేవారి గుండె ఆగిపోయే నిర్ణయం అది. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కన్వెన్షన్ వేదికల మీద ఈ ఉదంతం చెప్పేవారికి 2,222 బాగా గుర్తుంటుంది. కాలువ గట్టు గుర్తుండదు.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ కార్యక్రమాలకే కార్యక్రమం. దోర్నకల్‌లో పనిచేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ వేదికెక్కి, మిషనరీల త్యాగాలను మెచ్చుకుని, చివరికి ఒకటే అడిగారు: తమకు స్నేహితులు కావాలని. సభలో కొందరికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. ఇప్పుడు ఆయన మాట మీద సెమినార్లు పెడతారు. టీ విరామం పదిహేను నిమిషాలు; స్నేహమేదైనా ఉంటే ఆలోపే ముగించుకోవాలి.

సంఘపెద్దలు వార్షిక నివేదికలో ఒక కాలమ్ పెంచితే చాలు: రిజిస్టరులో పేరున్న ప్రతి ఇంటికీ ఏడాదిలో ఒక్కసారైనా కాపరో, పెద్దో వెళ్లారా లేదా. అది నిండేదాకా కొత్త కార్యక్రమానికి తీర్మానం చేయకూడదు.