నేల మీది పద్మములు: టీకా తాత్పర్య సహితము

మూలము

పాత గుడ్డపైన పద్మముల్ గీసితి,
రంగు తడిగ నుండె, రాకు నాన్న;
కాలు కడిగి వచ్చి కాళ్లార నిచ్చినఁ
దొక్కవచ్చు నెల్లి తోచినట్లు.

అవతారిక

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. విశాఖ గాజువాకలో ఒక ఇంటి వసారా గోడకు, పాల లెక్కల కాగితం పక్కన, సెల్లోటేపుతో అంటించి ఉంది. దాని కింద నేల మీద మనిషి నిలువు పొడవున కాన్వాసు గుడ్డ, గుడ్డ నిండా ఎనామెల్ పద్మాలు, నాలుగు మూలల నాలుగు ఇటుకలు. కవయిత్రి పేరు పెట్టుకోలేదు. ఆటవెలది గణాలు తప్పలేదు, యతులు కుదిరాయి. చుక్క తప్పకుండా ముగ్గు వేసే చేతికి యతి ఒక లెక్కా? ఉక్కు ఫ్యాక్టరీలో బి షిఫ్ట్ దిగి రాత్రి పూట ఇల్లు చేరే కొడుకును ఆ తల్లి గుమ్మం దగ్గరే ఆపుతున్నది. ఇదీ సందర్భం.

తాత్పర్యము

ఒరే, తొక్కకు.

విశేషములు

పాత గుడ్డ: లారీ లోడు మీద కప్పే టార్పాలిన్ అని ఒక పక్షం. ఆటోనగర్ దగ్గరే ఉంది కనుక ఆ ఊహ సహజమే గాని నిలవదు. నీళ్లు దిగకుండా మైనం పట్టించిన టార్పాలిన్ నీళ్లతో పాటు రంగునూ దిగనివ్వదు, పెచ్చులుగా వదిలేస్తుంది. ఓడ తెరచాప అని రెండో పక్షం. వీరు రసికులు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు వాళ్లు తెరచాప గుడ్డకే రంగులు పూసి ఇళ్లలో పరిచిన మాట నిజమే. కాని విశాఖ రేవులోకి 1933 అక్టోబర్ 7న మొదటగా వచ్చిన జలదుర్గ ఆవిరి ఓడ. దాన్ని అడిగితే బొగ్గు ఇస్తుందేమో గాని తెరచాప ఇవ్వదు. కనుక ఇది మైనం లేని ముతక నూలు కాన్వాసు అని సిద్ధాంతం. మరి ‘పాత’ ఎందుకు, పాదపూరణమా? కాదు. కొత్త కాన్వాసు నీళ్లు తగలగానే ముడుచుకుంటుంది. ఉతికి ఆరేసినది ముడుచుకోవలసినంతా ముందే ముడుచుకుని ఉంటుంది. కవయిత్రికి ఈ సంగతి తెలుసు.

పద్మముల్: లక్ష్మీదేవి కూర్చునే పువ్వును కాళ్ల కింద వేయడం అపచారం కాదా అని శంక. తెలుగు వాకిలి చూడని వాళ్ల శంక ఇది. పొద్దున వేసిన పద్మాల ముగ్గును సాయంత్రానికి పాలబ్బాయి నుంచి పోస్టుమాన్ దాకా అందరూ తొక్కుతారు, ఎవరికీ పాపం అంటలేదు. పూర్వప్రమాణం కావాలంటే 17వ శతాబ్దానికి వెళ్లాలి. గోల్కొండ ఏలుబడిలోని కోరమాండల్ తీరంలో కలంతో పూలూ తీగెలూ వేసిన నూలు గుడ్డలు దర్బారుల్లో నేల మీద పరచడానికి వెళ్లాయి. జయపురం రాజుల ఆంబేరు కోట సామాన్ల కొట్లో అలాంటివి ఎన్నో చేరాయి. వాటి మీద కోట గుమాస్తాలు వేసిన చిట్టా గుర్తులు చూడవచ్చు. ఆ పూలను తొక్కినవి రాజపాదాలు, ఈ పూలను తొక్కబోయేవి సేఫ్టీ బూట్లు విప్పిన పాదాలు. పువ్వుకు ఇందులో భేదం లేదు.

గీసితి: ఇది వినయం. గీయడం ఈ పనిలో ఆఖరి పావువంతు. నూనె రంగు నేరుగా నూలుకు తగిలితే కొన్నేళ్లకు పోగు పెళుసుబారుతుంది. అందుకని ముందు ప్రైమర్, ఆరాక గరుకు కాగితం, మళ్లీ ప్రైమర్. తరువాతే పద్మం, దాని పైన వార్నిష్. కలంకారీ వాళ్లదీ ఇదే మర్యాద. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టాకే కలం పడతారు. లేకపోతే రంగు పాకిపోతుంది. (వాళ్ల నల్లరంగు తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెడితే వస్తుంది. ఉక్కునగరంలో ఎవరూ ఆ కుండ ఎందుకు పెట్టలేదో నాకు బోధపడదు.)

రంగు తడిగ నుండె: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పద్మాలను మెచ్చుకునే పాఠకులు ఈ మూడు మాటలను దాటిపోతారు, అది రసహీనత. ఉతికిన చీర ఆరడం వేరు, నూనె రంగు ఆరడం వేరు. చీరలోంచి నీరు పోతుంది. రంగులోని నూనె మాత్రం గాలిలోని ఆక్సిజన్‌ను లోపలికి తీసుకుని బిగుస్తుంది. విశాఖలో సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలికి ఆ బిగువు మరీ ఆలస్యం. స్కాట్లండులోని కిర్కాల్డీలో మైకేల్ నైర్న్ 1847లో ఇలాంటి రంగు గుడ్డల కోసం పెద్ద ఫ్యాక్టరీ కట్టిస్తే, ఊరి జనం దాన్ని నైర్న్ గారి వెర్రి అన్నారు. అందులో గుడ్డలు నెలల తరబడి వేలాడుతూ ఆరేవి. వెర్రి ఫలించింది, ఊరికి అదే పేరైంది. ఆ వ్యాపారాన్ని తరువాత దెబ్బ తీసింది కూడా ఆరడమే. ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఇంగ్లీషాయన రంగు డబ్బాలో అవిసె నూనె మీగడ కట్టి రబ్బరులా సాగడం గమనించాడు. ఆ మీగడనే పదార్థంగా చేసి 1863లో పేటెంటు తీసుకున్నాడు, అదే లినోలియం. మన కవయిత్రి డబ్బాలోనూ మీగడ కట్టింది. ఆవిడ పుల్లతో తీసి పారేసింది.

రాకు నాన్న: ‘రాకు మామ’ అని పాఠాంతరం. గణానికి లోటు లేదు, యతీ చెడదు. అయినా అంగీకరించను. మేనమామను ‘రావద్దు’ అంటే అలిగి భోజనం మానేస్తాడు, కొడుకైతే భోజనం చేసి అలుగుతాడు.

కాలు కడిగి, కాళ్లార: ముందు ఏకవచనం, తరువాత బహువచనం. ఒక కాలే కడిగితే చాలా అని వ్యాకర్తలు పట్టుకుంటారు. ‘కాలు కడగడం’ అంటే రెండూ కడగడమే, లోకవ్యవహారం. ఆరడం దగ్గర మాత్రం కవయిత్రి అనుమానానికి చోటివ్వలేదు. కడగమనడానికి కారణం వేరే చెప్పాలా? పోర్టులో ఆరుబయట పోసిన బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి వన్‌టౌన్, జ్ఞానాపురం వాళ్ల మేడల మీద ఏళ్లుగా వాలుతూనే ఉంది. ఊరంతా తిరిగి వచ్చిన కాలు తడి వార్నిష్ మీద పడితే పద్మం పక్కనే అయిదు వేళ్లతో ఇంకొక పద్మం పూస్తుంది.

ఎల్లి: రేపు. ఇది శాస్త్రవిరుద్ధం. రేపటికి వేలు అంటుకోదు, అంతే. లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది. మంచం కోడు పెడితే గుంట పడి అలాగే నిలుస్తుంది. వారం ఆగాలి. అది తెలిసీ ‘ఎల్లి’ అన్నది. వారం అంటే కొడుకు ఈ రాత్రే తొక్కుతాడని.

తోచినట్లు: ఈ స్వేచ్ఛ ఉత్తమాట. బీరువా ఈడ్వరాదు. తడిబట్ట సరే, బ్లీచింగ్ నీళ్లు పోయరాదు. నున్నటి టైల్స్ మీద జారుతుంది కనుక కింద రబ్బరు జాలీ లేకుండా పరవరాదు. పండక్కి తీసి దాచవలసి వస్తే దుప్పటిలా మడత పెట్టరాదు. మడత పడిన చోట రంగు పగులుతుంది. బొమ్మ బయటివైపుకు ఉండేలా చుట్ట చుట్టి నిలబెట్టాలి. చుట్టే పని కొడుకుది.