సిగ్నల్ సబ్జెక్టుకు కోచింగ్ ఎక్కడ?

క్లాసు మధ్యలో నెట్ పోతే పూచీ విద్యార్థిదేనట! ఆన్‌లైన్ కోచింగ్ వారు ఈ వారం పంపిన ఆ మెసేజ్ చదివాక మన ఇంటర్ సిలబస్‌లో ఇన్నాళ్లూ ఏం తక్కువైందో తెలిసొచ్చింది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ సరే, సిగ్నల్ అనే నాలుగో సబ్జెక్టు మరిచిపోయాం. ఎంపీసీని ఇకపై ఎంపీసీఎస్ అనాలి. మొదటి చాప్టరు ఆరోహణం: ఊరి గుట్ట, వాటర్ ట్యాంకు, వేపచెట్టు, దేనిమీద ఎన్ని గీతలొస్తాయో పట్టిక వేయాలి. రెండోది అనుమాన ప్రమాణం. పొగను చూసి నిప్పును పసిగట్టిన తార్కికుల వారసులం కాబట్టి, తెరిచిన నోటితో బొమ్మలా ఆగిపోయిన సారును చూసి ఆయన చెప్పబోయింది ఆల్డిహైడో కీటోనో తేల్చాలి. ఇక వైవా. "అందరికీ వినిపిస్తోందా?" అని సారు అడుగుతారు. వినబడనివాడికి ఆ ప్రశ్నా వినబడదు, జవాబివ్వడు. కనుక అందరికీ వినిపిస్తున్నట్టే లెక్క. మంచి ర్యాంకు వస్తే ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో కాలేజీల బదులు టవర్లు పెట్టుకోవచ్చు. బస్టాండ్ పక్క టవరుకు కటాఫ్ ఎక్కువుంటుంది. ఈ సబ్జెక్టుకూ కోచింగ్ దొరుకుతుంది. అదీ ఆన్‌లైన్‌లోనే.

మేం పాఠాలు చెప్పేవాళ్లం, టవర్లు మావి కావు కదా అంటారు. నిజమే, కావు. కానీ సరుకు ఏ దారిన వెళ్లాలో తెలిసే అమ్మారు. ఊళ్లలో వంద ఇళ్లకు పదిహేనింటికి కూడా ఇంటర్నెట్ లేదని 2017-18 జాతీయ నమూనా సర్వే చెప్పింది. రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేస్తామన్న పథకానికి 2011లోనే ఆమోదం పడింది, ఆ తవ్వకాలు ఇప్పటికీ తవ్వకాలే. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని ప్రభుత్వం తేల్చుకున్నదే 2023లో. ఇవేవీ రహస్యాలు కావు. రికార్డింగ్ ఉంది కదా, తర్వాత చూసుకోవచ్చు కదా అనేది రెండో వాదన. చూసుకోవచ్చు. కానీ డౌటు వచ్చిన క్షణాన అడగొచ్చని చెప్పి 'లైవ్' పేరుతో ఎక్కువ తీసుకున్న ఫీజు మాటేమిటి? వరదకు బస్సు ఆగితే రోడ్డు మాది కాదని ఏ డిపో మేనేజరూ టికెట్టు డబ్బు మింగడు.

నెట్‌వర్క్ కంపెనీల సంగతి ఇంకో చోద్యం. జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగితేనే పరిహారమని ట్రాయ్ 2024 నిబంధన. రెండు గంటల క్లాసులు పన్నెండు వరసగా పోయినా, పదమూడోది మొదలయ్యేదాకా ఏమీ పోనట్టే. కోర్సు మధ్యలో మానేస్తే మిగిలిన కాలపు ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలని కోచింగ్ సెంటర్లకు కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ వారికి ఆ సమయంలో ఆడియో పోయినట్టుంది. వ్యంగ్యం ఇక చాలు. ఇది మోసం. హాస్టలుకు పంపే స్తోమత లేక, ఆడపిల్లను దూరం పంపలేక, అప్పుచేసి ఫోను కొని, వాయిదాల్లో ఫీజు కట్టిన ఇళ్లను ఎంచి చేస్తున్న మోసం. ఫీజు వాయిదా గుర్తుచేయడానికి ఆ ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ లైను కలిసింది. పోయిన క్లాసులెన్నో మీ సర్వర్లోనే ఉంటుంది, లెక్కకట్టి వాళ్ల డబ్బు వాళ్లకివ్వండి.