కాజాల బాబాయి

రిటైరైన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టక మానదు. కొందరికి హోమియోపతి, కొందరికి మిద్దె తోట. మా బాబాయికి జిగ్‌జాగ్ మిషన్. పిన్ని జాకెట్లకని కొన్నదాన్ని వారం తిరక్కుండా ఆక్రమించాడు. చొక్కాలూ జాకెట్లూ కుట్టడు, అవి దర్జీల పనులట. ఈయన వాటా కాజాలూ బొత్తాలూ. "కాజాలు కుట్టకుండా ఇమ్మనండి" అని దర్జీకి చెప్పించి మరీ బంధువుల చొక్కాలు తెప్పించుకుంటాడు.

వెళితే కాఫీకి ముందు పాఠం. "బొత్తానికి కొలత లైన్లలోరా! 40 లైన్లు ఒక అంగుళం. నీ చొక్కాది 18, అంటే 11 మిల్లీమీటర్ల పైచిలుకు. దానికి బొత్తాం మందం కలిపితే కాజా పొడుగు. కాజా అంటే తాపేశ్వరం అనుకున్నావా?" అని తనే నవ్వేస్తాడు. ఈ జోకు నేను నాలుగుసార్లు విన్నాను. పిన్ని లెక్కపెట్టడం మానేసింది.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. బొత్తాం కుట్టేముందు బట్ట జరక్కుండా మిషన్ కింది పళ్ళు దించేస్తాడు. బొత్తాం మీద చిల్లుల నడుమ అగ్గిపుల్ల ఉంచి, చక్రం చేత్తో తిప్పి, సూది రెండు చిల్లుల్లోనూ దిగుతోందని చూశాకే పెడల్ తొక్కుతాడు. ఆ పుల్ల లాగేస్తే దారం కాస్త వదులై బొత్తాం కింద మెడలా నిలుస్తుంది. ఇక కాజా సంగతి చెప్పేదేముంది! అటో వరస, ఇటో వరస, రెండు కొసలా గట్టి అడ్డకుట్టు. చీమల బారు దాని ముందు దిగదుడుపే.

అసలు చిక్కు ఆ తర్వాతే. కాజాని కొయ్యాలి కదా! కొయ్యడు. చెయ్యాడదు. కొసన గుండుసూది అడ్డంగా గుచ్చితే బ్లేడు అక్కడే ఆగుతుందని చెప్పేదీ ఆయనే, గుచ్చేదీ ఆయనే. బ్లేడు కాగితం విప్పుతాడు, కళ్ళజోడు తుడుచుకుంటాడు, కిటికీలోంచి చూస్తాడు. "మబ్బుగా ఉందిరా, రేపు చూద్దాం." మొట్టమొదటి చొక్కాకి గుండుసూది పెట్టలేదట. బ్లేడు జేబుదాకా పోయిందని పిన్ని నా చెవిలో వేసింది.

ఇప్పుడు వాళ్ళ బీరువాలో 11 చొక్కాలున్నాయి. ఒక్కోదానికి 7 బొత్తాలు, 7 కాజాలు. ఒక్క కాజాలోనూ బొత్తాం దూరదు. వాటిలో నాదొకటి, మా చెల్లెలి పెళ్ళికి కుట్టించుకున్నది. ముహూర్తం ఎల్లుండి.

చెయ్యి వణకనివాళ్ళెవరైనా ఉంటే దయచేసి ఒక కొత్త బ్లేడు పట్టుకురండి. గుండుసూదులు బాబాయి గుచ్చే ఉంచాడు.