తాళం చెవి వాళ్ళది, తలుపు మనది

ఇంగ్లండులో ఇల్లు అద్దెకు తీసుకున్నవాళ్ళకి మూడేసి నెలలకో ఉత్తరం వస్తుంది. మర్యాదకేం లోటుండదు. "డియర్" అని మొదలవుతుంది, మన క్షేమం కోరుతుంది, ఆ తర్వాత అసలు సంగతికొస్తుంది. ఫలానా గురువారం పొద్దున తొమ్మిదికీ సాయంత్రం అయిదుకీ మధ్య మీ ఇల్లు తనిఖీ చేయడానికి మా మనిషి వస్తాడు, మీరు ఇంట్లో లేకపోయినా ఇబ్బంది లేదు, మా దగ్గర ఇంకో తాళం చెవి ఉంది. ఇబ్బంది ఎవరికి లేదో మాత్రం రాయరు.

రెడింగ్‌లో మేముండే ఇంటికి ఓనరు ఒకాయన ఉన్నాడని అగ్రిమెంటు చెబుతోంది. ఆయన్ని మేం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఆయన మాత్రం మా మంచం కింద సూట్‌కేసులు, ఫ్రిజ్ పక్కన బియ్యం బస్తా, బాత్‌రూములో మగ్గు, అన్నీ ఫోటోల్లో చూసేశాడు. మధ్యలో ఉన్నది లెటింగ్ ఏజెంటు. అద్దె వసూలు చేసేదీ, బాయిలరు ఆగిపోతే ఫోనెత్తనిదీ, తనిఖీకి మాత్రం ఠంచనుగా హాజరయ్యేదీ ఆ ఏజెన్సీయే.

అడక్కుండా ఇంట్లోకి రావడం నాకేం కొత్త కాదు. కూకట్‌పల్లిలో అద్దెకున్న రోజుల్లో పై అంతస్తులో ఉండే ఓనరు అంకుల్, మోటారు వేసినప్పుడల్లా "నీళ్ళొస్తున్నాయా?" అంటూ వచ్చేవారు. కుళాయి తిప్పి చూసి, అట్నుంచటే వంటింట్లోకెళ్ళి, గిన్నె మీద మూత తీసి, "ఓహో, ఇవాళ గోంగూరా!" అనేవారు. ఆంటీగారైతే మా ఇంటికి ఎంతమంది చుట్టాలొచ్చారో ట్యాంకులో నీళ్ళు చూసి చెప్పేసేవారు. 2021లో మన కేంద్ర ప్రభుత్వం నమూనా అద్దె చట్టం ఒకటి తయారుచేసింది. ఓనరు ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు నోటీసివ్వాలి, ఎందుకొస్తున్నాడో చెప్పాలి, తెల్లవారకముందూ పొద్దుగూకాకా రాకూడదు అంటుంది. నమూనా కాబట్టి రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి కాళ్ళూ చేతులూ వస్తాయి. వచ్చినా, మా అంకుల్ ఇచ్చే నోటీసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మెట్ల మీద ఒక దగ్గు.

ఇంగ్లండు వాళ్ళు ఆ దగ్గును ఎప్పుడో కాగితం మీద పెట్టారు. 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం పదకొండో సెక్షను ప్రకారం, ఇంట్లో ఏం మరమ్మతులు కావాలో చూడటానికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, వేళగాని వేళ రాకూడదు. దానికంటే పాతది, కోర్టులు ఏనాటి నుంచో గుర్తిస్తున్న హక్కు ఇంకోటుంది. దాన్ని క్వయెట్ ఎంజాయ్‌మెంట్ అంటారు. అంటే అద్దె కడుతున్నన్నాళ్ళు ఆ ఇంట్లో నీ మానాన నువ్వు ఉండొచ్చు, ఓనరు కూడా వచ్చి కెలక్కూడదు. నోటీసిచ్చాక కూడా అద్దెకున్నవాడు "వద్దు" అంటే, అగ్నిప్రమాదమో గ్యాస్ లీకో అయితే తప్ప, తాళం తీసుకుని దూరిపోకూడదు. కోర్టుకెళ్ళి ఉత్తర్వు తెచ్చుకోవాలి. కాగితం మీద చూస్తే మనమే రాజులం.

మరి రాజుగారు ఒక్కసారైనా "వద్దు" అనరేం? 1988 హౌసింగ్ చట్టంలో 21వ సెక్షనని ఒకటుండేది. దాంతో కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చేయమనే వీలుండేది. 2025 అక్టోబరులో వచ్చిన రెంటర్స్ రైట్స్ చట్టం ఆ సెక్షనును 2026 మే 1 నుంచి ఎత్తేసింది. సెక్షను పోయినా భయం ఎక్కడికి పోతుంది? రేపు ఇంకో ఇల్లు వెతుక్కోవాలన్నా ఈ ఏజెంటే మనం మంచివాళ్ళమని రెఫరెన్సు రాయాలి. అందుకని ఉత్తరం రాగానే "ష్యూర్, నో ప్రాబ్లమ్" అని జవాబిచ్చి, రాత్రికి రాత్రి సర్దుడు మొదలుపెడతాం.

మా ఆవిడ సర్దుడు చూసి తీరాలి. ఆవకాయ జాడీ రెండు కవర్లలో చుట్టుకుని బట్టల బీరువాలోకి పోతుంది. రేడియేటర్ల మీద ఆరేసిన తడిబట్టలు కారు డిక్కీలోకి పోతాయి. ఇంట్లో బట్టలారేస్తే గోడలకి బూజు పడుతుంది, జనవరిలోనైనా కిటికీలు తెరిచిపెట్టుకోండి అని పోయినసారి రిపోర్టులో రాశారు మరి. రెండ్రోజుల ముందు నుంచీ పోపు బంద్. హాల్లో స్మోక్ అలారానికి ఆవాలు చిటపటమంటే చాలు, అరిచి గోల పెడుతుంది. చివరికి ఆ ఇంట్లో తెలుగువాళ్ళున్నారన్న ఆనవాలు ఒక్కటి మిగలదు. ఇల్లు చూడటానికి వాళ్ళొస్తుంటే, మమ్మల్ని మేం దాచుకుంటున్నామన్నమాట.

దాచడానికి వీలుకాని మనిషి ఒకరున్నారు. మా అమ్మ. తెనాలి నుంచి ఆరునెలల విజిటర్ వీసా మీద వచ్చింది. మా అగ్రిమెంటులో చుట్టాలు రెండు వారాలు మించి ఉండాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలట. "కన్నకొడుకు ఇంట్లో ఉండటానికి ఎవడి అనుమతిరా?" అంది అమ్మ. ఆ ప్రశ్నకి అగ్రిమెంటులో జవాబు లేదు.

గురువారం వస్తామన్న మనిషి మంగళవారమే వచ్చాడు. రోజు మార్చారు, మాకు చెప్పడం మరిచారు. మేమిద్దరం ఆఫీసుల్లో. డోర్‌బెల్ పాడైందని ఎప్పుడో వాళ్ళకే ఫిర్యాదు చేశాం, కాబట్టి అది మోగలేదు. అతను తలుపు తట్టే ఉంటాడు, కానీ చెవుల్లో సీరియల్ మోగుతుంటే అమ్మకేం వినబడుతుంది? తాళం తీసుకుని లోపలికొచ్చాడు. వంటింట్లో చపాతీలు చేసుకుంటున్న అమ్మ అలికిడికి తలెత్తి చూస్తే హాల్లో టై కట్టుకున్న కుర్రాడు, ఒక చేతిలో ట్యాబ్లెట్, ఇంకో చేతిలో ఊళ్ళో సగం ఇళ్ళ తాళం చెవుల గుత్తి. అప్పడాల కర్ర చేతబట్టి అమ్మ హాల్లోకొచ్చింది.

"హూ యూ?"

"ఏజెంట్! ఇన్‌స్పెక్షన్!" అన్నాడట పాపం, రెండు చేతులూ పైకెత్తి.

అమ్మ అతన్ని కింద నుంచి పైకి చూసింది. "షూస్! ఫస్ట్ షూస్!"

బూట్లు గుమ్మం బయటికి వెళ్ళాయి. ఆ తర్వాత జరిగిన తనిఖీ అమ్మ చేసింది. సోఫాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, పేరేమిటి, జీతమెంత, పెళ్ళయిందా, అమ్మానాన్నలతో ఉంటున్నాడా లేదా అన్నీ తన తెనాలి ఇంగ్లిషులో రాబట్టింది. సాయంత్రం నేనొచ్చేసరికి నివేదిక సిద్ధం. "మంచి పిల్లాడేరా. వాడిదీ అద్దె కొంపేనట. వాడింటికీ ఎవడో ఇలాగే తాళం తీసుకుని వస్తాడట. నాలుగు సున్నుండలు పొట్లం కట్టిచ్చాను. ఫోటోలు తీస్తుంటే గోడ మీద దేవుళ్ళు పడేలా తియ్యమన్నా."

దేవుళ్ళు బ్రహ్మాండంగా పడ్డారు. వారం తిరక్కుండా వచ్చిన రిపోర్టులో వెంకటేశ్వరస్వామి పటం కింద "దీపం: అగ్నిప్రమాదానికి అవకాశం" అని రాశారు. రేడియేటరు మీది అమ్మ వెంకటగిరి చీర "పొడవాటి తడివస్త్రం" అయింది. "వంటగది: ఘాటైన వాసన." అన్నిటికంటే కింద, అమ్మ మోచెయ్యి మాత్రం కనబడే ఒక ఫోటో, దాని పక్కన "అదనపు వ్యక్తి?" అని ప్రశ్నార్థకం. మోచెయ్యితో సహా అదంతా ఓనరుగారికి చేరింది.

మిగతావన్నీ ఓర్చుకున్నాను గానీ, ఆ ప్రశ్నార్థకం దగ్గర నాకు ఒళ్ళు మండింది. బూజు ఉందా, పైపు కారుతోందా చూసుకోవడానికి ఇంటివాడికి హక్కుంది, కాదనను. కానీ బూజు మోచేతికి పట్టదు కదా! చెప్పి రావడం వేరు, అడిగి రావడం వేరు. చెప్పినవాడు తన వీలు చూసుకుంటాడు. అడిగినవాడు జవాబు వచ్చేదాకా గుమ్మంలో ఆగుతాడు. ఆ కాస్త ఆగడమే నేను నెలనెలా కడుతున్న అద్దెకి దక్కాల్సిన ఇల్లు. మిగతాదంతా గోడలే.

ఆ రాత్రి ఏజెన్సీకి మెయిలు రాశాను. పదకొండో సెక్షను, క్వయెట్ ఎంజాయ్‌మెంటు రెండూ పెట్టి, మంగళవారానికి నోటీసు ఏదని అడిగాను. ఇకమీదట నేనున్నప్పుడు, నేను సరేనన్నాకే రండి, మనుషుల ఫోటోలు తీయొద్దు అన్నాను. అమ్మ పేరు, వీసా గడువు కూడా రాసి, ఆవిడ అదనపు వ్యక్తి కాదు, మా అమ్మ అని తెలియజేశాను. ఖాళీ చేయమంటారేమోనని మా ఆవిడ ఇంటర్నెట్‌లో ఇళ్ళు వెతకడం మొదలుపెట్టింది. మర్నాడే జవాబొచ్చింది. క్షమించమన్నారు, ఈసారి మీకు ఏ శనివారం వీలవుతుందో చెప్పండి అన్నారు. అడిగితే ఇస్తారన్నమాట. అడగరన్న ధీమాతోనే ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాస్తున్నారు.

తర్వాతి తనిఖీకి అదే కుర్రాడు వచ్చాడు. డోర్‌బెల్ అప్పటికి బాగుచేశారు, నొక్కి బయటే నిలబడ్డాడు. బూట్లు తనంతట తనే విప్పాడు. ఆవకాయ జాడీ బల్ల మీదే ఉంది, బట్టలు రేడియేటర్ల మీదే ఉన్నాయి. అతను గదులు చూస్తుండగా అమ్మ పప్పులో పోపు పెట్టింది. ఎండుమిరపకాయలు మాడి, అలారం వీధంతా వినబడేలా అరిచింది. అతను దగ్గుకుంటూనే ట్యాబ్లెట్ మీద ఏదో నొక్కాడు. రిపోర్టులో ఆ గడి ఇలా ఉంది: "స్మోక్ అలారం: పరీక్షించడమైనది. చక్కగా పనిచేస్తోంది."